అరువిచ్చిన అమ్మ

లేక్ చార్ల్స్, లూసియానా
జనవరి 20

ఒసేయ్ సెలెస్త్,

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకు. నా అతుకుడు గోళ్ళతో ఫోనులో ఒక అక్షరం నొక్కితే మూడు పడతాయి. పైగా నీ నంబరు మారిందట, కొత్తది నీ వ్యవహారాలు చూసే పెద్దమనుషులు ఎవరికీ ఇవ్వరట. కనుబొమలకు జిగురు పూసి అణచడం దగ్గర్నుంచి నేర్పించి, ఆడవేషం కట్టి, నా ఇంటిపేరు ఇచ్చి, 'ఇదిగో సెలెస్త్ లాఫిట్' అని లోకానికి చూపించిన దాన్ని నేను. నీ ఫోను నంబరుకి మాత్రం తగను. సరే, కాగితం ఉంది, స్టాంపు ఉంది, నా నోరు ఎలాగూ ఉంది.

మొన్న శుక్రవారం సాయంత్రం పెలికన్ బార్లో అందరం కూర్చుని టీవీలో మీ పోటీ మూడో భాగం చూశాం. దేశంలోని ఆడవేషగాళ్ళందరిలో మేటి ఎవరో తేలుస్తారటగా! ముందు నీ వేషం సంగతి చెబుతాను. ఆ పసుపు గౌనేమిటే? మగ్గిపోయిన అరటిగెలకు రిబ్బను చుట్టినట్టుంది. కుడి కనుబొమ ఒక ఊళ్ళో ఉంటే ఎడమది పొరుగూళ్ళో ఉంది. తుంటికి కట్టిన స్పాంజి మోకాలిదాకా జారింది, నువ్వేమో రాజహంసలా నడిచాననుకుంటున్నావు. విగ్గు చూసి మన బార్లో ఉన్న కుక్క కూడా లేచి వెళ్ళిపోయింది.

మన వాళ్ళలో ఇలా ఏకిపారేయడమంటే ముద్దు పెట్టుకోవడమే కాబట్టి ఇక్కడిదాకా నవ్వుతూనే చదివి ఉంటావు. ఇక నవ్వు ఆపు.

అద్దం ముందు ఆ ఏడుపేమిటి? రంగు తుడుచుకుంటూ, గొంతు వణికిస్తూ దేశమంతటికీ చెప్పావు. పదహారేళ్ళప్పుడు మీ అమ్మ నిన్ను వానలో బయటికి గెంటిందని చెప్పావు. సూట్‌కేసు వాకిట్లో బురదలో పడేసిందన్నావు. రొయ్యల షెడ్డు వెనక పాడుబడ్డ షెవర్లే కారులో పదకొండు వారాలు పడుకున్నావట. నువ్వు బతికుండగానే మీ అమ్మ చర్చిలో చచ్చినవాళ్ళకు చెప్పించే పూజ చెప్పించిందట.

ఆ కారు నాది. ఆ వానా నాదే. అది 1978. అప్పటికి నువ్వు పుట్టడానికి ఇంకా పద్దెనిమిదేళ్ళుంది. సల్ఫర్ ఊళ్ళో నా కన్నతల్లి ఆ పూజ చెప్పించింది విల్ఫ్రెడ్ అనే పిల్లాడికి, అంటే నాకు. బార్లో ఉన్న ముప్ఫై మందికీ అది తెలుసు. ప్రతి ఏడూ పుట్టినరోజున తాగి నేనే చెబుతాను కదా.

మూడో బల్ల దగ్గర మీ అమ్మ ఎర్లీన్ కూర్చుని ఉంది. నీ కోసం ప్రతి శుక్రవారం వస్తోంది, మాకందరికీ పందిమాంసం, అన్నం కలిపిన బూదాన్ ఉండలు వేయించి తెస్తోంది. నీ పదమూడో ఏట నీకు మొదటి గౌను కుట్టిన మనిషి. నువ్వు పెలికన్ వేదిక మొదటిసారి ఎక్కిన రోజు వెనక నీ గౌను కుచ్చెళ్ళు పట్టుకున్న మనిషి. ఆమె టీవీ వైపు చూస్తోంది, బారంతా ఆమె వైపు చూస్తోంది. కాసేపటికి "పొయ్యి మీద ఏదో పెట్టి మర్చిపోయా" అని లేచి వెళ్ళిపోయింది. పళ్ళెం కూడా ఇక్కడే వదిలేసింది.

దీన్ని ఎలా తుడుస్తావో నాకు రాయి.

ఒడీల్


లాస్ ఏంజెలెస్
ఫిబ్రవరి 2

ఒడీలమ్మకు,

నీ మొదటి పేజీ చదివి పడీపడీ నవ్వాను. రెండో పేజీ నాలుగు రోజులు చదవలేకపోయాను. పసుపు గౌను విషయం ఒప్పుకుంటున్నాను. కనుబొమలు నా తప్పు కాదు, దీపాల వేడికి జిగురు కరిగింది.

ఇదంతా షూట్ చేసింది పోయిన సెప్టెంబరులో. ఫోన్లు లాక్కుని హోటల్లో పెట్టారు. రెండు వారాలు తిరిగేసరికి అందరూ అద్దం ముందు ఏడ్చేశారు. ఒకదాన్ని తండ్రి బెల్టుతో కొట్టాడు, ఒకదానికి జబ్బు, ఒకదాని అన్న జైల్లో ఉన్నాడు. నాకేముంది చెప్పు? నాన్న పోయాడు గానీ మంచివాడుగానే పోయాడు. అమ్మ నాకు ఈకలు కట్టడం నేర్పింది. ఆ షో నడిపే ఆవిడ నన్ను పక్కకి పిలిచింది. "బంగారం, నువ్వు బాగున్నావు, బాగా ఆడుతున్నావు. కానీ నిన్ను చూసి జాలి పడటానికి మాకేం ఇవ్వట్లేదు. అలాంటోళ్ళు ఐదో వారం దాటడం నేను చూళ్ళేదు" అంది. మర్నాడు అద్దం ముందు కూర్చుంటే నా నోట్లోంచి నీ కథ వచ్చేసింది. మొదటి మాటకే కెమెరా దగ్గరికి జరిగింది. ఇక ఆపలేకపోయాను.

ఒక మాట అడుగుతాను, కోప్పడకు. మన ఇంట్లో ఏది ఎవరిది? నీ నీలం గౌను నేను వేసుకున్నాను. నీ పాటలకు నేను ఆడాను, నీ జోకులు నేను చెప్పాను. "లాఫిట్ ఇంట్లో తల్లి ఒంటి మీదున్నదంతా కూతురిదే" అని నువ్వే కదా అన్నావు. నీకు వేషం కట్టిన పెద్దావిడ నీకూ అలాగే ఇచ్చిందన్నావు. నీ కథ కూడా ఆ బీరువాలోదే అనుకున్నాను. నిజంగానే అలా అనుకున్నాను. కథలో ఒక తల్లి ఉందనీ, నేను చెబితే ఆ తల్లి మా అమ్మ అయిపోతుందనీ ఆ క్షణంలో తట్టలేదు.

చివరి భాగం ప్రసారమయ్యేదాకా నేనేమీ బయట మాట్లాడకూడదు. సంతకం పెట్టాను. అమ్మ అర్థం చేసుకుంటుంది. ఆమె ఎప్పుడూ అర్థం చేసుకుంటుంది. నువ్వు కాస్త నచ్చజెప్పు.

నీ కూతురు
సెలెస్త్


లేక్ చార్ల్స్
మార్చి 1

ఓ అర్థం చేసుకునే తల్లికి పుట్టిన బిడ్డా,

అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది నీ వాదన. బీరువాలోదట! నా నీలం గౌను వేసుకున్న ప్రతిసారీ వేదిక దిగేముందు మైకు పట్టుకుని "ఇది మా ఒడీలమ్మది" అని చెప్పేదానివి. అరువు తెచ్చుకుంటే ఎవరిదో చెప్పాలి, అది మన ఇంటి మర్యాద. నా కథ దగ్గరికొచ్చేసరికి ఆ మాట ఎందుకు మింగావు? ఒడీలమ్మది అని చెబితే కెమెరా ఒడీలమ్మ వైపు తిరుగుతుందని కదూ?

ఇక్కడి సంగతులు విను. నువ్వు ఆ ఇంట్లో ఇరవై మూడేళ్ళు పెరగడం కళ్ళారా చూసినవాళ్ళే ఇప్పుడు "తలుపుల వెనక ఏం జరిగిందో ఎవరికి తెలుసు" అంటున్నారు. అలాంటి పూజ మన చర్చిలో ఎప్పుడూ జరగలేదని ఫాదర్ స్వయంగా చెప్పాడు. "అయితే టెక్సస్ వెళ్ళి చెప్పించి ఉంటుంది" అన్నారు. కళ్ళతో చూసింది అబద్ధం, టీవీలో చూసింది వేదం. వీళ్ళకు చూపు ఇచ్చినందుకు దేవుడు ఈపాటికి లెంపలేసుకుంటూ ఉంటాడు.

కార్నివాల్ ఊరేగింపులు అయిపోయాయి. వచ్చే ఏటి వేషాలు ఒప్పుకునే రోజులివి. ఊరేగింపు రాణి వీపుకి కట్టే ఈకల చట్రం ఇరవై ఏళ్ళుగా మీ అమ్మే కడుతోంది కదా. ఈసారి కార్నివాల్ సంఘం పెద్ద మిసెస్ ఎబేర్ కబురు పంపింది, "కన్నబిడ్డను వానలో గెంటినావిడ చేతి పని మా రాణి వీపున వద్దు" అని. నువ్వు పన్నెండేళ్ళప్పుడు తల్లో ఒక్క ఈక పెట్టుకున్నావని నిన్ను ఊరేగింపు బండి మీంచి కిందికి దింపిన మహాతల్లి ఈవిడే. ఇప్పుడు నీ తరఫున కన్నీళ్ళు కారుస్తోంది. నీకు ఎంత గొప్ప అభిమానులు దొరికారే!

నేను ఇంటికి వెళ్ళాను. పూసలు గుచ్చుతూ కూర్చుంది. ఎవరికోసమని అడిగితే "ఎవరికీ కాదు, చేతులు ఊరుకోవు" అంది.

"ఎర్లీన్, ఇదంతా అబద్ధమని నోరు తెరిచి చెప్పు. పక్కన నేను నిలబడతా" అన్నాను.

"వాడు గెలిచాడో లేదో ఇంకా తెలీదు కదా. ఇప్పుడు చెబితే వాణ్ణి అబద్ధాలకోరంటారు."

"నిన్ను రాక్షసి అంటున్నారే పిచ్చిదానా!"

"నాదేముందిలే, నేనేమన్నా టీవీలో కనపడతానా?"

ఇదీ నువ్వు చెప్పిన అర్థం చేసుకోవడం. నంగనాచివి నువ్వు, నాటకమాడింది నువ్వు, శిక్ష మాత్రం ఆమెకు. నేను నచ్చజెప్పడానికి ఏమీ మిగల్లేదు, ఆమె ముందే నచ్చజెప్పుకుంది. ఊళ్ళో ఆమె పేరు పోతోంది. తిరిగి తేగలిగేది నువ్వొక్కదానివే.

ఒడీల్


లాస్ ఏంజెలెస్
ఏప్రిల్ 22

(అచ్చు కార్డు, వెనక రంగుల బొమ్మ)

ప్రియమైన అభిమానికి,

మీ ప్రేమపూర్వకమైన ఉత్తరం నా గుండెను తాకింది. ఈ కిరీటం నాది కాదు, మనందరిదీ. తల్లిప్రేమకు నోచుకోని ప్రతి బిడ్డకూ నేను చెప్పేది ఒక్కటే: మీరు ఒంటరి కారు. ఎప్పుడూ మెరుస్తూనే ఉండండి!

మీ
సెలెస్త్ లాఫిట్


లేక్ చార్ల్స్
ఏప్రిల్ 29

శ్రీశ్రీశ్రీ కిరీటధారిణి గారి పాదాలకు,

నా ప్రేమపూర్వకమైన ఉత్తరం మీ గుండెను తాకినందుకు ధన్యురాలిని. అందులో మిమ్మల్ని నంగనాచి అన్నాను, నాటకమాడావన్నాను. ఆ రెంటిలో ఏది తాకిందో సెలవిస్తే మళ్ళీ అదే రాస్తాను. ఏరు దాటి తెప్ప తగలేసేవాళ్ళను చూశాను గానీ, తెప్పకు అచ్చు కార్డు పంపేవాళ్ళను ఇప్పుడే చూస్తున్నాను. బొమ్మలో కనుబొమలు మాత్రం సరిగ్గా ఉన్నాయి. ఎవరు దిద్దారో వాళ్ళకు నా దండాలు చెప్పు.

నీ పేరు పిలిచినప్పుడు పెలికన్ పైకప్పు ఎగిరిపోయింది. నేనూ అరిచాను. సిగ్గు లేకుండా బల్ల ఎక్కి, గొంతు పోయేదాకా అరిచాను. లాఫిట్ అనే పేరు దేశమంతా వినబడింది కదా, అరవకుండా ఎలా ఉంటాను? మీ అమ్మ ఆ రోజు రాలేదు. తర్వాత ఆమె ఇంటికి వెళితే టీవీ ముందు నిలబడే ఉంది, కూర్చోవడం మర్చిపోయినట్టుంది. "గెలిచాడు ఒడీల్, కిరీటం వాడి తలకి కొంచెం వదులైంది, లోపల మెత్త కుట్టాలి" అంది.

ఇక అసలు సంగతి. మీ షో వాళ్ళు బారుకి ఫోను చేశారు. మే నెలలో నీ 'సొంతూరు రాక' అని ప్రత్యేక కార్యక్రమం తీస్తారట. పోయిన ఏడు నువ్వు గెలిచిన మా 'మిస్ పెలికన్' పట్టం నువ్వే వచ్చి, వీడ్కోలు పాట ఆడి, కొత్తదాని తలకు పెట్టాలి కదా, ఆ రోజునే పట్టుకున్నారు. దానికి మూడు రోజుల ముందు మీ అమ్మను కెమెరా ముందు కూర్చోబెడతారట. కొడుకును ఎందుకు గెంటావని అడుగుతారట. ఆమె క్షమించమని ఏడవాలట. చేయని పాపానికి దేశం ముందు మోకాళ్ళ మీద నిలబెడతారన్నమాట.

ఇప్పుడు పోటీ అయిపోయింది. కిరీటం వచ్చేసింది. సంతకం వంక చెప్పకు. నువ్వు ఒక్క మాటంటే ఇది ఆగుతుంది.

తెప్ప


షికాగో
మే 6

ఒడీలమ్మకు,

నా చేత్తోనే రాస్తున్నాను, చూడు, రాత ఎంత పాడైందో. ఆ కార్డు నేను పంపలేదు. ఉత్తరాలు ఎవరో విప్పుతారు, ఎవరో జవాబులు పంపుతారు. ఇకపై నీ కవరు మీద నీలం రిబ్బను అంటించు, నాకే ఇస్తారు.

రోజుకొక ఊరు, రోజుకొక వేదిక. ప్రతి ఊళ్ళో తలుపు దగ్గర పిల్లలు నిలబడి ఉంటారు. పదహారేళ్ళవాళ్ళు, పదిహేడేళ్ళవాళ్ళు. "మా అమ్మ కూడా నన్ను గెంటింది" అని నా భుజం మీద ఏడుస్తారు. వాళ్ళకు ఏం చెప్పను? నాది అబద్ధం, ఇంటికి పొండి అననా? నా కథ పట్టుకుని వాళ్ళు నిలబడుతున్నారు ఒడీలమ్మా. నీ కథ. తెలుసు, నీ కథ.

ఆ కార్యక్రమం గురించి చాలా ఆలోచించాను. ఇప్పుడు అబద్ధమని చెబితే నేను పోతాను, ఆ పిల్లలు పోతారు, అయినా అమ్మను అనుమానించేవాళ్ళు అనుమానిస్తూనే ఉంటారు. అదే ఆమె క్షమించమంటే, నేను క్షమిస్తే, అందరూ ఏడుస్తారు, అంతా సమసిపోతుంది. పశ్చాత్తాపపడిన తల్లిని ఎవరు ద్వేషిస్తారు? ఆమె పేరు తిరిగొస్తుంది. ఇంతకంటే దారి నాకు కనబడలేదు. అమ్మ ఒప్పుకుంది కూడా. మా వాళ్ళు మాట్లాడారు.

నువ్వెందుకు మాట్లాడలేదని అడుగుతావు. నేను ఫోను చేస్తే ఆమె "నాయనా" అంటుంది. ఆ ఒక్క మాటకు నేను కూలిపోతాను. కూలిపోవడానికి నాకు ఆగస్టు దాకా ఖాళీ లేదు.

ఆ రోజు నువ్వు మాత్రం నోరు విప్పకు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

సెలెస్త్


లేక్ చార్ల్స్
మే 16

డస్టిన్,

అసలు పేరుతో పిలిచానని ఉలిక్కిపడకు. ఈ ఉత్తరం మా సెలెస్త్‌కి కాదు, ఎర్లీన్ కొడుక్కి. నువ్వు దిగబోయే హోటల్లో నేనే ఇచ్చి వెళుతున్నాను. రిబ్బను అంటించలేదు.

సోమవారం మధ్యాహ్నం మీ అమ్మ మా ఇంటికి వచ్చింది. చేతిలో కొలతలు రాసుకునే నోటుపుస్తకం ఉంది. జాకెట్టుకి గుచ్చుకున్న సూదులు కూడా తీయలేదు.

"ఒడీల్, కొంచెం చెప్పాలి నువ్వు. బుధవారం వాళ్ళు అడుగుతారు, నాకేమో ఏం తెలీదు" అంది.

"ఏం తెలీదు?"

"ఆ రోజు సంగతి. వాన పొద్దున్నా, సాయంత్రమా? సూట్‌కేసు ఏ రంగు? మీ అమ్మ ఏమని తిట్టింది? నేను తప్పు చెబితే వాడు దొరికిపోతాడు."

నా కుర్చీలో కూర్చుని నా తల్లికి కొలతలు తీసుకుంటోంది. పో బయటికి అనబోయాను. ఆమె పెన్సిలు పట్టుకుని, చెప్పింది చెప్పినట్టు కుట్టి ఇస్తానన్నట్టు ఎదురు చూస్తోంది. చెప్పాను. సూట్‌కేసు ఎర్రది, తాళం పాడైతే తాడు కట్టాను. వాన మధ్యాహ్నం మొదలైంది. మా అమ్మ అరవలేదు. ఇది నీకు కూడా తెలీదు, ఎంత తాగినా నేను ఇది చెప్పను. చాలా నెమ్మదిగా "నాకు ముగ్గురు పిల్లలు. ఇద్దరు బతికున్నారు" అంది. తలుపు కూడా నెమ్మదిగానే వేసింది.

మీ అమ్మ రాయడం ఆపేసింది. "అప్పుడు ఆవిడ చేతులు ఎక్కడ పెట్టుకుంది?" అని అడిగింది.

నలభై ఏళ్ళుగా వేషం కడుతున్నాను, నీలాంటివాళ్ళు పదిహేను మందికి నేర్పాను. ఇంత మంచి ప్రశ్న ఒక్కళ్ళూ అడగలేదు. "ఏప్రాన్ జేబుల్లో" అన్నాను. లేచి నిలబడి జేబుల్లో చేతులు పెట్టుకుంది. "గడ్డం ఎత్తకు, ఆవిడకు గర్వం లేదు, భయమే" అన్నాను. దించింది. మూడు గంటలు కూర్చున్నాం. నా చేతులతో నేనే మా అమ్మ వేషం మీ అమ్మకు కట్టాను.

బుధవారం పెలికన్‌లో దీపాలు పెట్టారు. నేను దీపాల వెనక నిలబడ్డాను. అడిగినవాటికన్నిటికీ తడుముకోకుండా చెప్పింది. ఆ షో ఆవిడ చేతిరుమాలుతో కళ్ళు అద్దుకుంటూ, వాచీ చూసుకుంటూ, "ఇప్పుడు మీ బిడ్డకు ఏం చెప్పాలనుకుంటున్నారు?" అని అడిగింది.

దీనికి మేం సాధన చేయలేదు. ఆమె కెమెరా వైపు చూడాలి, చూడలేదు. దీపాల వెనక నన్ను వెతుక్కుని, నా వైపు చూసింది. "నిన్ను వానలో పంపినందుకు క్షమించు. ఆ పూజ చెప్పించినందుకు క్షమించు. నాకు ముగ్గురు పిల్లలు. ముగ్గురూ బతికే ఉన్నారు" అంది.

షో ఆవిడ కాగితాలు తిరగేసి, "ముగ్గురా? ఇక్కడ ఒక్కడనే ఉందే? సరే, అది కత్తిరిద్దాం" అంది.

మా అమ్మ పోయి పంతొమ్మిదేళ్ళు. ఆవిడ చెప్పకుండా పోయిన మాటను, ఏ పాపం ఎరగని మనిషి నోట విన్నాను. నేను ఆపి ఉండాల్సింది. 'ఇది నా కథ, ఆపండి' అని ఒక్క అరుపు అరిస్తే సరిపోయేది. ఆ మాట చివరిదాకా వినాలని నోరు మూసుకున్నాను. నాలుగు నెలలుగా నిన్ను తిట్టిన నోటితో ఇప్పుడు నన్నూ తిట్టుకుంటున్నాను. మీ అమ్మను మనిద్దరం వాడుకున్నాం.

శనివారం నువ్వు వేదిక ఎక్కుతావు. నేను చేయలేని పని నువ్వు చెయ్యి.

ఒడీల్


అట్లాంటా
మే 20

ఒడీలమ్మకు,

నువ్వు అక్కడే ఉన్నావు, అన్నీ చూశావు. అయినా నా వైపు నుంచి రాయకపోతే ఉండలేను.

నీ ఉత్తరం చదివాకే రంగు వేసుకున్నాను. పాట అయ్యాక మైకు తీసుకున్నాను. ఏం చెప్పానో నాకు ప్రతి మాటా గుర్తుంది. "నేను టీవీలో చెప్పింది అబద్ధం. మా అమ్మ నన్ను ఎప్పుడూ గెంటలేదు. నా మొదటి గౌను ఆమే కుట్టింది. ఆ కథ మా ఒడీలమ్మది, నేను దొంగిలించాను" అన్నాను. గదిలో మన బారువాళ్ళు పదిమందీ లేరు, అంతా షో కోసం వచ్చిన కొత్తమొహాలే. సరే, అయిపోయింది, ఇప్పుడు సీసాలు విసురుతారు అనుకున్నాను. ఒక రకంగా విసిరితే బాగుండుననుకున్నాను.

వెనక నుంచి ఒకావిడ "అయ్యో నా తల్లీ, ఎంత మంచి మనసే నీది!" అని గొల్లుమంది. తర్వాత అందరూ లేచారు. నేను రాకముందే వాళ్ళకు బారు గోడ మీద అమ్మ మాట్లాడింది వేసి చూపించారట. ఆమె తన నోటితోనే ఒప్పుకోవడం చూసినవాళ్ళు నా మాట ఎందుకు నమ్ముతారు? తల్లిని కాపాడుకోవడానికి అబద్ధం ఆడుతున్నాననుకున్నారు. ఎంత గట్టిగా "నిజం" అంటే అంత గట్టిగా చప్పట్లు. ఆ షో ఆవిడ నా చేయి పట్టుకుని "ఇంతకంటే గొప్ప ముగింపు నేను రాయించలేకపోయేదాన్ని" అంది. నీ పేరు వచ్చిన చోట కత్తిరిస్తారట, జనం తికమకపడతారని.

అమ్మ ముందు వరుసలో నిలబడి అందరితోపాటు చప్పట్లు కొట్టింది. నేను దిగి దగ్గరికి వెళ్ళాను. కెమెరాలన్నీ మా చుట్టూ మూగాయి. కావలించుకుంది. చెవిలో ఏదో చెప్పబోతోందని తల వంచాను. "నడుం దగ్గర కుట్టు వదిలింది. కూర్చునేటప్పుడు చూసుకో" అంది. ఆ తర్వాత నన్ను కారెక్కించేశారు.

నువ్వు చెయ్యమన్నది చేశాను ఒడీలమ్మా. ఏమీ చేయనట్టే ఎందుకుంది?

సెలెస్త్


లేక్ చార్ల్స్
జూన్ 24

అమ్మాయ్,

నిజం చెప్పావు, కాదనను. మంచి దీపాల కింద, మంచి గౌనులో, పాట అయ్యాక గుక్క తిప్పుకుని మరీ చెప్పావు. అబద్ధం చెప్పినప్పుడు మొహాన రంగు లేదు. నిజం చెప్పినప్పుడు నిలువెల్లా వేషం. జనం దేన్ని నమ్ముతారనుకున్నావు? అందరిలో తెలివితక్కువది నువ్వే అని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఇప్పుడు నేనూ నీ పక్కనే నిలబడ్డాను. నేను మిసెస్ ఎబేర్ ఇంటికి వెళ్ళి, ఆ కారులో పడుకున్నది నేనని చెబితే "పాపం, నీ శిష్యురాలి మీద ఎంత ప్రేమ" అని నాకు నిమ్మకాయ నీళ్ళిచ్చింది.

పోయిన వారం కార్యక్రమం వేశారు. ఊరు కరిగి నీరైపోయింది. మీ అమ్మకు పనులు తిరిగొచ్చాయి. నువ్వు చెప్పినట్టే జరిగింది, సంతోషించు. శనివారం నేనూ ఆమే సరుకులకు వెళితే మిసెస్ ఎబేర్ బెండకాయల దగ్గర మమ్మల్ని పట్టుకుంది. మీ అమ్మ చేయి తన రెండు చేతుల్లోకి తీసుకుని, "ఎర్లీన్, తప్పు తెలుసుకున్నవాళ్ళని దేవుడు క్షమిస్తాడు. మేమూ క్షమించాం. రాణి ఈకలు మళ్ళీ నువ్వే కట్టు" అంది. నేను నోరు తెరిచాను. మీ అమ్మ నా కాలు తొక్కింది. "అవునమ్మా, దేవుడు దయగలవాడు" అంది, తల దించుకుని. గడ్డం సరిగ్గా నేను నేర్పినంతే దించింది.

కారులో కూర్చున్నాక సరుకుల సంచి ఒళ్ళో సర్దుకుంది. తర్వాత అడిగింది, "ఒడీల్, ఆ రోజు నేను బాగానే చేశానా?" అని. నలభై ఏళ్ళలో నేను ఎవరినీ మెచ్చుకోలేదని నీకు తెలుసు. బాగా చేశావన్నాను. నాకు తెలిసిన వాళ్ళెవరూ అంత బాగా చేయలేదన్నాను. "అయితే సరే" అంది.

కార్యక్రమం వేసినప్పటి నుంచి ఆమెకు ఉత్తరాలు వస్తున్నాయి. ముక్కూమొహం తెలియని వాళ్ళు ఎక్కడెక్కడి నుంచో రాస్తున్నారు. సగం మంది క్షమించామంటారు, సగం మంది నరకానికి పొమ్మంటారు. నిన్న నేను వెళ్ళేసరికి బల్ల మీద కుప్ప పోసుకుని, కత్తెరతో ఒక్కొక్కటీ జాగ్రత్తగా విప్పుతోంది. కొన్నిటి వాసన నాకు గుమ్మం దాకా వచ్చింది. ఏం పెట్టి పంపారో రాయను.

"ఆ చెత్తంతా ఎందుకు విప్పుతావే? పొయ్యిలో పడెయ్!" అన్నాను.

"ఇన్నిట్లో వాడిది ఒకటి ఉంటుందేమోనని. పొరపాటున పడేస్తే?" అంది.

జనవరి నుంచి నువ్వు నాకు మూడు ఉత్తరాలు రాశావు, ఒక కార్డు పంపించావు. ఆమెకు ఒక్క ముక్క రాయలేదు. ఇది నేను కూడా ఇన్నాళ్ళూ గమనించలేదు, తిట్ల తొందరలో.

కాబట్టి ఈ ఉత్తరానికి జవాబు రాయకు. రాసినా నేను విప్పను. కవరు మీద ఎర్లీన్ గిడ్రీ అని రాయి.

ఒడీల్